మెడ దెబ్బ తర్వాత చెయ్యి మళ్లీ ఎలా వస్తుంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల చెట్ల మీంచి పడి మెడకు దెబ్బ తగిలినవాళ్ల గురించి నాలుగు మాటలు రాశాను. దానికి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. దాదాపు అందరూ అడిగింది చేతుల గురించే. విజయనగరంలో ఇరవై రెండేళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను, ఈ ప్రశ్న వినని వారం లేదు. ఈసారి పేజీ మొత్తం దానికే ఇస్తున్నాను.

ప్రశ్న: మా ఇంటాయనకి 42 ఏళ్లు, కొబ్బరి దింపుల పని. నాలుగు నెలల కిందట చెట్టు మీంచి పడిపోయారు. మెడలో ఎముక జరిగి వెన్నుపాము నలిగిందని విశాఖపట్నంలో ఆపరేషన్ చేశారు. మొదట్లో కాళ్లూ చేతులూ ఏవీ కదల్లేదు. ఇప్పుడు పక్కన మనిషి ఉంటే నడుస్తున్నారు. చేతులే రావట్లేదు. వేళ్లు ముడుస్తారు గానీ తెరవలేరు, గుండీ పెట్టుకోలేరు, అన్నం నేనే తినిపిస్తున్నాను. కాళ్లు వచ్చిన మనిషికి చేతులు ఎందుకు రావు? చెయ్యి కదపొద్దు, రెస్టు ఇవ్వాలి అని మా అత్తగారంటున్నారు. రాత్రుళ్లు నాకు నిద్ర ఉండట్లేదు.
ఒక సోదరి, కవిటి మండలం

అమ్మా, ముందు ఒక్క మాట. కాళ్లు ముందు, చేతులు వెనక రావడం మీ ఒక్కరి ఇంట్లో జరిగిన వింత కాదు. మెడ దగ్గర వెన్నుపాము పూర్తిగా తెగకుండా నలిగినప్పుడు చాలామందిలో ఇదే వరస కనిపిస్తుంది. ముందు కాళ్లు, తర్వాత మూత్రం మీద పట్టు, తర్వాత భుజం, మోచెయ్యి, అన్నిటికన్నా ఆఖర్న వేళ్లు. రిచర్డ్ ష్నైడర్ అనే అమెరికన్ న్యూరోసర్జన్ 1954లోనే దీని గురించి రాశాడు. కాళ్లు వచ్చాయంటే మెడ దాటి కిందకి దారి కొంత మిగిలే ఉందని అర్థం, కాబట్టి ఆ మాటకి మీరు ధైర్యం తెచ్చుకోవాలి.

మరి చేతులకే ఎందుకింత ఆలస్యం? నడక కోసం మెదడు అడుగడుగుకీ ఆజ్ఞ ఇవ్వక్కర్లేదు. అడుగు తర్వాత అడుగు పడే లయ నడుము దగ్గరి వెన్నుపాములో ఉన్న నరాల అల్లికలోనే చాలావరకు ఉంటుంది, పైనుంచి కాస్త ఊతం అందితే అది నడిపిస్తుంది. వేళ్ల సంగతి అలా కాదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చింతపిక్క పట్టుకోవాలంటే మెదడు పైపొర నుంచి తిన్నగా కిందకి దిగే నరాల కట్ట ఒకటి పనిచెయ్యాలి. మనుషుల్లో చేతి పనితనమంతా దాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంది. మెడలో నలిగింది ఆ కట్టే.

మనకి తెలిసిన వ్యవహారంలో చెప్తాను. వంశధార కాలవ కింద పొలాలు చూసే ఉంటారు. పెద్ద కాలవకి గండి పడిందనుకోండి, పై మళ్లకి ఏదో దారిన నీరందుతుంది, శివారు భూములే ఎండుతాయి. వేళ్లు శరీరంలో శివారు భూములు. గండి పడ్డాక రైతులు ఏం చేస్తారు? గట్టు కోసి మడి నుంచి మడికి నీళ్లు పారిస్తారు. నీళ్లు చేరతాయి గానీ తూము ఉన్నప్పటిలా ఈ మడికి ఇంత, ఆ మడికి అంత అని పంచడం కుదరదు, వస్తే అన్నిటికీ కలిపి వచ్చేస్తాయి. మీ ఆయన వేళ్లు ఇప్పుడు అన్నీ ఒక్కసారే ముడుచుకుంటున్నాయి కదా, అదే ఇది. మెదడు కింది భాగం నుంచి దిగే పాత దారి ఇంకొకటి ఉంది, అది ఒక్కో వేలిని విడిగా కదపడానికి ఏర్పడింది కాదు. పైగా అది బలం పుంజుకున్నప్పుడు వేళ్లు ముడిచే కండరాలకే ఎక్కువ అందుతుంది, తెరిచే కండరాలకి తక్కువ. ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో స్టూవర్ట్ బేకర్ బృందం కోతుల మీద పరిశోధన చేసి 2012లో ఈ సంగతి బయటపెట్టింది. ముడుస్తారు, తెరవలేరు అని మీరు రాసిన వాక్యం చదవగానే నాకు ఇదే గుర్తొచ్చింది.

ఇక రెస్టు సంగతి. మీ అత్తగారిది ప్రేమే, కాదనను, కానీ మెడ ఆపరేషన్ అయ్యి, ఎముక కుదురుకుందని సర్జన్ చెప్పాక చేతికి రెస్టు ఇవ్వడం అంత నష్టం ఇంకోటి లేదు. కొత్త దారులు వాటంతటవి తెరుచుకోవు, చెయ్యి ప్రయత్నించినప్పుడే తెరుచుకుంటాయి. అదీ ఇంకొకరు పట్టుకుని వేళ్లు ఆడిస్తే చాలదు, కదలిక కంటికి కనపడకపోయినా సరే ఆయనే 'తెరువు' అని మనసులో గట్టిగా అనుకుని ప్రయత్నం చెయ్యాలి, మీరు కింద నుంచి కొద్దిగా సాయం పట్టాలి. ముడవడం ఎటూ వస్తోంది కాబట్టి రోజులో ఎక్కువ సమయం తెరవడానికే ఇవ్వండి.

రబ్బరు బంతి పిసకమని ఎవరైనా చెప్పి ఉంటే మానేయించండి, ఆయనకి అది అక్కర్లేదు. దాని బదులు ఒక పళ్లెంలో గుప్పెడు చింతపిక్కలు పోసి, ఒక్కొక్కటి తీసి గ్లాసులో వెయ్యమనండి. మీ ఊళ్లో జీడిపిక్కలు ఇంటి నిండా ఉంటాయని తెలుసు, పచ్చి జీడిపిక్క మాత్రం వద్దు, తొక్కలోని జీడి చర్మాన్ని కాల్చేస్తుంది, ఆయన వేళ్లకి స్పర్శ తక్కువగా ఉండొచ్చు కాబట్టి కాలినా తెలీదు. వేడి టీ గ్లాసు, పొయ్యి దగ్గరి గిన్నె, వీటి విషయంలోనూ ఇదే జాగ్రత్త. కొబ్బరి పీచు తాడు ముక్క ఒకటి ఇచ్చి ముడి వెయ్యమనండి, వేసిన ముడి విప్పమనండి. పాతికేళ్లు ఆ తాడుతో బతికిన చేతులవి. ఆస్పత్రిలో ప్లాస్టిక్ గుబ్బలు తిప్పించడం కన్నా ఆ తాడు పట్టుకున్నప్పుడు ఆయన మెదడు ఎక్కువ శ్రద్ధ పెడుతుంది. ఇది నా నమ్మకం మాత్రమే కాదు. జపాన్‌లో తదాషి ఇసా అనే శాస్త్రవేత్త బృందం 2015లో ఒక సంగతి కనిపెట్టింది. మెదడులో కోరికకీ ఉత్సాహానికీ సంబంధించిన చిన్న భాగం ఒకటుంది. మామూలు కోతిలో దాన్ని కాసేపు పనిచెయ్యకుండా ఆపినా వేళ్లకి ఏమీ కాలేదు, వెన్నుపాము దెబ్బ నుంచి కోలుకుంటున్న తొలి రోజుల్లో ఆపితే మాత్రం వేళ్లు తడబడ్డాయి. అంటే మనసు పెట్టడం అనేది కోలుకునే యంత్రంలోనే ఒక భాగం.

అన్నం మాత్రం రేపటి నుంచి మొదటి నాలుగు ముద్దలు ఆయన్నే తిననివ్వండి. చెంచా పిడికి సైకిల్ ట్యూబు ముక్కో గుడ్డో చుట్టి లావు చెయ్యండి, సన్నటి పిడి పట్టడం కష్టం. ఒలుకుతుంది, చొక్కా పాడవుతుంది, పావుగంట పడుతుంది. పట్టనివ్వండి. మిగతాది మీరు పెట్టండి, మనిషికి తిండి సరిపోవాలి కదా.

ఎప్పటికి వస్తుంది అంటే, కోలుకోవడంలో పెద్ద భాగం మొదటి ఆరు నెలల్లో జరుగుతుంది, తర్వాత వేగం తగ్గినా ఏడాది, ఏడాదిన్నర దాకా మార్పు కనిపిస్తుంది, కొందరిలో ఆ తర్వాత కూడా. నాలుగు నెలలంటే మీరింకా ఆ ఆరు నెలల్లోనే ఉన్నారు. మళ్లీ చెట్టెక్కే చెయ్యి వస్తుందని నేను రాసివ్వను. గ్లాసు పట్టే చెయ్యి, గుండీ పెట్టే చెయ్యి కోసం ప్రయత్నించడానికి మాత్రం ఇదే సమయం. మీ నిద్ర సంగతి కూడా డాక్టరుకి చెప్పండి తల్లీ, మంచం మీద మనిషిని చూసుకునేవాళ్లు కుంగిపోవడం నేను చాలా ఇళ్లలో చూశాను, దానికీ వైద్యం ఉంది.

ప్రశ్న: నేను విజయనగరంలో డిగ్రీ బయాలజీ చదువుతున్నాను. మెదడు, వెన్నుపాము నరాలు తెగితే మళ్లీ పెరగవని మా పుస్తకంలో ఉంది. మరి మా మావయ్యకి మెడ దెబ్బ తగిలాక చెయ్యి సగం ఎలా వచ్చింది? పుస్తకం తప్పా?

పుస్తకం తప్పు కాదు తమ్ముడూ, సగమే చెప్పింది. పెద్దవాళ్ల మెదడు, వెన్నుపాముల్లో తెగిన నరం మళ్లీ పెరగదని స్పెయిన్ దేశపు రామోన్ కహాల్ 1928లోనే రాసిపెట్టాడు, చాలా కాలం అందరూ దాన్ని ఆఖరి మాటగానే తీసుకున్నారు. చేతిలోనో కాలిలోనో నరం తెగితే రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. వెన్నుపాములో పెరగదు. తేడా నరంలో ఉందా, చుట్టూ ఉన్న నేలలో ఉందా? కెనడాలో ఆల్బర్ట్ అగ్వాయో, శామ్యూల్ డేవిడ్ 1981లో ఎలుక కాలి నరం ముక్కని వెన్నుపాముకి వంతెనలా అతికించి చూస్తే, పెరగవనుకున్న నరాలు ఆ ముక్కలోకి చక్కగా పాకాయి. విత్తనం మంచిదే, నేలే ఒప్పుకోవట్లేదు. వెన్నుపాము నరాల మీది తొడుగులో ఎదుగుదలని ఆపే నోగో అనే ప్రొటీన్ ఉందనీ, గాయం దగ్గర కట్టే మచ్చ కూడా అడ్డమేననీ తర్వాత తేలింది.

మరి మీ మావయ్యకి జరిగిందేమిటి? దెబ్బ తగిలిన మొదటి రోజుల్లో, ఒక్కోసారి వారాలపాటు, గాయం కింద ఉన్న వెన్నుపాము మొత్తం మొద్దుబారిపోతుంది, అందుకే మొదటి రోజు పరీక్ష చూసి ఎవరూ తీర్పు చెప్పకూడదు. వాపు తగ్గాక కొన్ని నరాలు లేస్తాయి, తొడుగు ఊడినవి మళ్లీ తొడుగు కట్టుకుంటాయి. ఇది తొలి మెట్టు, దీనికి పెద్ద వివరణ అక్కర్లేదు.

అసలు సంగతి తర్వాత ఉంది. తెగిన నరం దూరం పెరగలేదు గానీ, తెగకుండా మిగిలిన నరం పక్కకి కొమ్మలు వెయ్యగలదు. కాలిఫోర్నియాలో రోసెన్‌జ్వైగ్, టుజిన్‌స్కీ బృందం కోతుల్లో మెడ దగ్గర వెన్నుపాముని ఒక పక్క సగం కోసి, నెలల తర్వాత చూసింది. ఆ పక్కన కింద నరాల పోచలు దాదాపు ఖాళీ కావాలి, కానీ రెండో పక్క నుంచి కొమ్మలు మధ్యగీత దాటి వచ్చి, ముందున్న సాంద్రతలో 60 శాతం దాకా నింపేశాయి. ఎవరూ మందివ్వలేదు, వాటంతటవే. ఈ ఫలితం 2010లో వచ్చింది. నేను దాన్ని చదివిన రోజు క్లినిక్ ఆలస్యంగా తెరిచాను, మళ్లీ మళ్లీ ఆ బొమ్మలే చూస్తూ కూర్చున్నాను.

ఇంకో దారి మధ్యవర్తులది. మెడ పై భాగంలో, సి3, సి4 దగ్గర (అంటే మెడలో వెన్నుపాము పైనుంచి మూడో, నాలుగో భాగాల దగ్గర), మెదడు నుంచి వచ్చిన ఆజ్ఞని అందుకుని చేతి నరాలకి చేరవేసే కణాలున్నాయి. ఇందాక చెప్పిన ఇసా బృందం ఆ కణాలకి దిగువన, అంటే సి4, సి5 మధ్య, మెదడు నుంచి వచ్చే తిన్నని కట్టని మాత్రమే కోసింది. మొదట కోతి సన్నటి సందులోంచి తిండిముక్క తీసుకోలేకపోయింది. సాధన చేయిస్తే వారాల్లో, రెండు మూడు నెలల్లో బొటనవేలు, చూపుడువేలు కలిపి మళ్లీ పట్టుకుంది. ఆ మధ్యవర్తి కణాల్ని తాత్కాలికంగా ఆపితే కోలుకున్న చెయ్యి మళ్లీ తడబడింది. ఈ లోపల మెదడు కూడా పని పంచుకుంటుంది. తొలి రోజుల్లో రెండు పక్కల మెదడూ సాయానికి దిగిందనీ, తర్వాత ఆ చేతి తాలూకు పక్కన పని విస్తరించిందనీ అదే బృందంలోని నిషిమురా వాళ్ల 2007 నాటి పరిశోధన చూపించింది.

అయితే హద్దు కూడా తెలియాలి. 1968లో లారెన్స్, కైపర్స్ అనే ఇద్దరు కోతుల్లో మెదడు నుంచి దిగే ఆ తిన్నని కట్టని రెండు పక్కలా పూర్తిగా కోశారు. అవి కొద్ది వారాల్లో లేచి తిరిగాయి, ఎక్కాయి, చేత్తో ఊచలు పట్టుకున్నాయి. వేలిని వేలి నుంచి విడిగా కదపడం మాత్రం తిరిగి రాలేదు. బొబ్బిలి వీణ మీద కుడిచేతి చూపుడువేలూ మధ్యవేలూ ఒకదాని తర్వాత ఒకటి మీటడం చూశావు కదా, ఆ పని ఆ కట్టది. గునపం పిడి పట్టుకోవడానికి వేరే దారులు సరిపోతాయి. మీ మావయ్యకి సగం వచ్చిందన్నావే, ఏ సగం వచ్చిందో ఈ కళ్లతో ఒకసారి గమనించు, ఆయనలో ఏ దారి ఎంత మిగిలిందో నీకే తెలుస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్లు. రణస్థలం దగ్గర హైవే మీద బైక్ యాక్సిడెంట్ అయి తొమ్మిది నెలలు. సి6 పూర్తి గాయం అన్నారు. మోచెయ్యి మడుస్తాడు, మణికట్టు పైకెత్తుతాడు, వేళ్లు అసలు కదలవు. వేళ్లు ముడుచుకుపోతున్నాయని రోజూ మేం తిన్నగా చాపి నూనెతో రుద్దుతున్నాం. ఫిజియో వచ్చినప్పుడు అలా చాపొద్దని కోప్పడ్డాడు. ఎవరి మాట వినాలి?

ఫిజియో మాట వినండమ్మా. దీనికి కారణం మీ చేతిలోనే చూపిస్తాను. మోచెయ్యి బల్ల మీద ఆనించి, చెయ్యి నిలువుగా పెట్టి, పూర్తిగా వదులుగా ఉంచండి. ఇప్పుడు మణికట్టు ముందుకి వాల్చండి, వేళ్లు వాటంతటవే విచ్చుకుంటాయి. మణికట్టు వెనక్కి ఎత్తండి, వేళ్లు అరచేతి వైపు ముడుచుకుంటాయి, బొటనవేలు వచ్చి చూపుడువేలి పక్కకి ఆనుతుంది. మీరు వేళ్లని కదపలేదు, నరం ఆజ్ఞ ఇవ్వలేదు. వేళ్లు ముడిచే కండరాల తాళ్లు మణికట్టు మీదుగా పోతాయి కాబట్టి, మణికట్టు ఎత్తితే అవి బిగుస్తాయి, అంతే.

మీ అబ్బాయికి మిగిలిన పెద్ద ఆస్తి ఇదే. మణికట్టు ఎత్తగలిగినవాడు ఈ బిగువుతో గ్లాసు పట్టగలడు, ఫోన్ పట్టగలడు, బ్రష్ పట్టగలడు. కానీ మణికట్టు వెనక్కి ఉంచి వేళ్లు కూడా తిన్నగా చాపి రోజూ లాగితే ఆ తాళ్లు సాగిపోతాయి, తర్వాత మణికట్టు ఎంత ఎత్తినా వేళ్లు వేలాడుతూనే ఉంటాయి. కాస్త ముడుచుకుని ఉండటమే ఇక్కడ మేలు. కీళ్లు బిగుసుకోకుండా కదపాల్సిందే, ఎలాగంటే మణికట్టు ముందుకి వాల్చినప్పుడే వేళ్లు చాపాలి, మణికట్టు వెనక్కి ఎత్తినప్పుడు వేళ్లు ముడవాలి, రెండూ ఒకేసారి చాపకూడదు.

నేను పనిలో చేరిన కొత్తలో ఒక కుర్రాడికి ఇదే తప్పు చేశాను. వేళ్లు అందంగా తిన్నగా ఉండాలని రెండు నెలలు చాపించాను. ఆ తర్వాత అతని చేతిలో స్టీలు గ్లాసు పెడితే జారి కింద పడేది. ఆ చప్పుడు నాకింకా వినిపిస్తూనే ఉంటుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

రెండో సంగతికి తొందర ఉంది, తొమ్మిది నెలలు అన్నారు కాబట్టి. చేతికి చేసే ఆపరేషన్లు రెండు రకాలున్నాయి. బాగా పనిచేస్తున్న కండరం తాడుని తీసి పనిచెయ్యని వేలి తాడుకి కలపడం ఒకటి, దీనికి సమయం మించిపోవడం అంటూ పెద్దగా ఉండదు, ఏళ్ల తర్వాత కూడా చెయ్యొచ్చు. కుష్ఠు వల్ల వంకరపోయిన వేళ్లకి వెల్లూరులో పాల్ బ్రాండ్ చేసిన ఆపరేషన్లూ ఈ సూత్రం మీదివే. ఆయన దగ్గర నేర్చుకున్న మేరీ వర్గీస్ 1954లో రోడ్డు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని, చక్రాల కుర్చీలో కూర్చునే ఆ చేతుల ఆపరేషన్లు చేసింది, తర్వాత అక్కడే పునరావాస విభాగం నిలబెట్టింది. మీ అబ్బాయికి ఆవిడ కథ చెప్పండి. రెండోది నరం మార్పిడి. గాయానికి పై నుంచి వచ్చే నరాల్లో, తీసినా ఆ పనికి ఇంకో నరం సాయం ఉండే కొమ్మని తెచ్చి, వేళ్ల నరానికి కలుపుతారు. ఆస్ట్రేలియాలో నటాషా వాన్ జైల్ బృందం 16 మందికి ఇలా చేసి 2019లో ఫలితాలు ప్రచురించింది, చాలామందికి వేళ్లు ముడవడం, తెరవడం వచ్చింది. ఇది అయితే త్వరగా చెయ్యాలి, వీలైతే ఏడాదిలోపు, ఎందుకంటే నరం అందని కండరం కొంతకాలానికి ఎండిపోతుంది. ఈ నెలలోనే చేతి సర్జన్‌ని కలిసి, మా వాడికి పనికొస్తుందా అని అడగండి. కాదంటే కాదు, అడక్కుండా సమయం దాటిపోకూడదు.

మీరు అడగని మాట ఒకటి. మెడ గాయం ఉన్న మనిషికి హఠాత్తుగా తల పగిలేంత నొప్పి, ముఖం ఎర్రబడి చెమటలు వస్తే బీపీ ప్రమాదంగా పెరుగుతోందని లెక్క. వెంటనే కూర్చోబెట్టండి, బిగుతు బట్టలు వదులు చెయ్యండి, యూరిన్ పైపు మడత పడిందేమో, సంచి నిండిందేమో చూడండి. చాలాసార్లు కారణం అదే ఉంటుంది. అయినా తగ్గకపోతే నిమిషం ఆలస్యం చెయ్యకుండా 108కి ఫోన్ చెయ్యండి. ఇంకా సదరం సర్టిఫికెట్ తీసుకోకపోతే దానికీ స్లాట్ బుక్ చేయించండి, పింఛన్‌కి అదే ఆధారం.

ప్రశ్న: మా అన్నయ్యకి మెడ దెబ్బ తగిలి మూడేళ్లు. స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు చేయిస్తే చేతులు వస్తాయని ఒకాయన చెప్పాడు. ఎకరం పొలం బేరం పెట్టాం. చేయించమంటారా?
గజపతినగరం

వద్దు. పొలం అమ్మకండి. వెన్నుపాము గాయానికి స్టెమ్ సెల్ చికిత్స మన దేశంలో ఆమోదం పొందినది కాదు. రక్త జబ్బుల్లో చేసే ఎముక మజ్జ మార్పిడి లాంటివి తప్ప మిగతావి అనుమతి ఉన్న పరిశోధనలోనే జరగాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లో ఉంది, పరిశోధన అయితే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. లక్షలు అడిగారంటేనే మీకు జవాబు దొరికినట్టు.

మూడేళ్లయింది కాబట్టి ఇక దారే లేదని కూడా అనుకోకండి. మెడ వెనక చర్మం మీద పట్టీలు అంటించి, సన్నటి కరెంటు పంపుతూ, అదే సమయంలో చేతి పనులు సాధన చేయించే పద్ధతి ఒకటి వచ్చింది. కోత లేదు. కరెంటు చేతిని కదపదు, నిద్రలో ఉన్న వెన్నుపాము అల్లికని కాస్త మెలకువలోకి తెస్తుంది, మెదడు నుంచి వచ్చే బలహీనమైన ఆజ్ఞ అప్పుడు సరిపోతుంది. 60 మంది మీద చేసిన పరీక్షలో 72 శాతం మందికి చేతి బలంలోనూ, పనిలోనూ మెరుగు కనిపించిందని 2024లో ప్రచురించారు, వాళ్లలో దెబ్బ తగిలి 34 ఏళ్లయినవాళ్లు కూడా ఉన్నారు. అదే ఏడాది డిసెంబరులో అమెరికా ప్రభుత్వం ఆ పరికరానికి అనుమతిచ్చింది. అంతమాత్రాన ఊళ్లో ఎవరో కరెంటు పెట్టె పట్టుకొచ్చి ఇదీ అదే అంటే నమ్మకండి. ఆ పరీక్షలో కూడా ముందు రెండు నెలలు ఒట్టి వ్యాయామం, తర్వాత రెండు నెలలు కరెంటుతో కలిపి వ్యాయామం చేయించారు. సాధన లేకుండా ఎవరికీ ఏదీ ఇవ్వలేదు. ఎకరం పొలం మీద వచ్చే కౌలు డబ్బుతో మంచి ఫిజియోని వారానికి మూడు రోజులు ఇంటికి పిలిపించుకోండి.

ప్రశ్న: మాది పొందూరు. మా నాయనమ్మకి 67 ఏళ్లు, చిన్నప్పటి నుంచి నూలు వడుకుతోంది. వాలుగ చేప దవడతో దూది ఏకితే చూడ్డానికి జనం వచ్చేవారు. ఏడాదిగా దారం పోగు వేళ్లలోంచి జారిపోతోంది, రవిక హుక్కులు పెట్టుకోలేకపోతోంది, నడిస్తే తూలుతోంది. నొప్పి ఏమీ లేదు, దెబ్బా తగల్లేదు. వయసు అనుకుంటున్నాం. మెడ పట్టేసిందేమోనని ఒకాయన దగ్గర మెడ విరిపిద్దామని అంటున్నారు.

మెడ మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకు తల్లీ. ఈ ఉత్తరం చదివి నాకు చాలా టెన్షన్ పట్టుకుంది, అందుకే ఆఖర్న వచ్చినా ఈ సంచికలోనే పెట్టమని అడిగాను.

దెబ్బ తగలకుండా కూడా వెన్నుపాము నలుగుతుంది. వయసుతో మెడ ఎముకలు పెరిగి, డిస్కులు ఉబ్బి, లోపలి దారిని కొద్దికొద్దిగా ఇరుకు చేస్తాయి. నొప్పి ఉండకపోవచ్చు, అందుకే అందరూ మోసపోతారు. మొదట పోయేది సరిగ్గా మీ నాయనమ్మకి పోయినదే, వేళ్ల సున్నితపు పని, తర్వాత నడక. మామూలు మనిషికి చెయ్యి మొద్దుబారిందని తెలియడానికి ఇంకో ఏడాది పట్టేది. పొందూరు సన్న నూలు తీసే వేళ్లు కాబట్టి ముందే తెలిసింది.

ఇవాళే ఒక పని చెయ్యి. నాయనమ్మని కూర్చోబెట్టి, అరచెయ్యి కిందకి ఉంచి, పిడికిలి పూర్తిగా ముడిచి పూర్తిగా తెరవమను, ఎంత వేగంగా వీలైతే అంత వేగంగా. ఫోన్‌లో 10 సెకన్లు పెట్టి లెక్కపెట్టు. మెడలో వెన్నుపాము బాగుంటే 20 సార్లు దాటాలి. పిడికిలి తెరిచేటప్పుడు చిటికెన వేలు వెనకబడుతోందా, మణికట్టు కూడా వంచి తెరుస్తోందా చూడు. రెండు చేతులకీ చెయ్యి, అంకె కాగితం మీద రాసుకో. కీళ్లవాతం ఉంటే కూడా అంకె తగ్గొచ్చు, అది డాక్టరు తేలుస్తారు. 20 దాటినా తూలు నడక ఉంది కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

శ్రీకాకుళంలో న్యూరో డాక్టరుకో ఎముకల డాక్టరుకో ఆ కాగితం చూపించి, 'హుక్కులు పెట్టుకోలేకపోతోంది, తూలుతోంది, మెడ ఎంఆర్‌ఐ కావాలా?' అని ఈ మూడు మాటలూ కలిపి చెప్పు. విడివిడిగా చెప్తే ఒక్కోదానికి ఒక్కో బిళ్ల రాసి పంపేస్తారు. వెన్నుపాము నలుగుతోందని తేలితే, జబ్బు ముదురుతోంది కాబట్టి ఆపరేషన్ గురించి మాట్లాడతారు. భయపడకండి, వయసు చూసి వాయిదా వెయ్యకండి. ఆపరేషన్ ముఖ్యంగా ఇంకా దిగజారకుండా ఆపుతుంది, తొందరగా చేయించుకున్నవాళ్లలో వేళ్లు కొంత తేరుకుంటాయి కూడా. ఈలోగా బాత్రూమ్‌లో పట్టుకోవడానికి గోడకి ఒక కడ్డీ బిగించండి, రాత్రి లైటు వేసి ఉంచండి. ఇరుకైన మెడతో ఒక్కసారి పడితే మొదటి ఉత్తరంలోని సోదరి ఇంటి పరిస్థితే వస్తుంది. రాట్నం మాత్రం తీసెయ్యొద్దు, పోగు తెగినా సరే కాసేపు వడకనివ్వండి. ఎంఆర్‌ఐ వచ్చాక రిపోర్టులో ఏం రాశారో, ఎన్ని సార్లు పిడికిలి తెరిచిందో నాకు రాయి.